ఓడ ఆగదు

"ఒక్క నిమిషం ఆగమనండి!"

ఈ మాట మనం జీవితంలో ఎన్నిసార్లు అని ఉంటామో లెక్క వేస్తే ఆశ్చర్యం వేస్తుంది. కదిలే బస్సు వెనక పరుగెత్తుతూ కండక్టరుతో అంటాం. ముహూర్తం దాటిపోతోందని తొందరపెట్టే పురోహితుడితో అంటాం. గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడ్డ మొగుడితో రోజూ అంటాం. చిత్రమేమిటంటే, చాలాసార్లు వాళ్ళు ఆగుతారు కూడా. ఆగకపోతే "ఎంత కఠినాత్ముడో!" అనుకుంటాం. ఆగినవాడు మంచివాడు, ఆగనివాడు చెడ్డవాడు. చిన్నప్పటినుంచీ నా నీతిశాస్త్రంలో ఇదొక సూత్రం.

ఆ సూత్రం కిందటేడు మధ్యధరా సముద్రంలో ఒక ఓడ మీద చెదిరిపోయింది. ఆ సంగతే మీతో చెబుదామని కూర్చున్నాను.

మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. ఓ రాత్రి ఫోన్ చేసి, "అక్కా, మనిద్దరం ఒక గదిలో వారం రోజులు పడుకుని పాతికేళ్ళయింది. మొగుళ్ళూ పిల్లలూ వంటిల్లూ లేకుండా ఎక్కడికైనా పోదాం" అంది. ఆ 'ఎక్కడికైనా' చివరికి ఓడ అయింది. బార్సిలోనాలో ఎక్కి, ఫ్రాన్సు, ఇటలీ రేవులు చూసుకుంటూ ఏడు రాత్రుల తర్వాత మళ్ళీ బార్సిలోనాలో దిగడం. తను అటునుంచి, నేను హైదరాబాదు నుంచి.

సరేనన్నాను గాని, లోపల కాస్త భయపడ్డాను. సముద్రానికి కాదు. మా ఇద్దరి మధ్యా ఎన్నేళ్ళుగానో ఎవరం ఎత్తని మాట ఒకటి ఉంది. వారం రోజులు ఒకే గదిలో ఉంటే అది బయటికొస్తుందేమోనని! దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ప్రయాణపు సన్నాహం. మనం కాశీకి వెళ్ళినా, అరకు వెళ్ళినా, సన్నాహమంటే పులిహోర, చపాతీలు, ఒక చెంబు, ఓ దుప్పటి. ఓడవాళ్ళు పంపిన నియమాల చిట్టా చదివేసరికి నాకు పెళ్ళినాటి అప్పగింతల జాబితా గుర్తొచ్చింది. తిరిగొచ్చే నాటి తర్వాత కూడా పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. స్పెయిన్, ఫ్రాన్సు, ఇటలీ మూడింటికీ షెంగెన్ వీసా ఒక్కటే చాలు. కాని ఓడ మధ్యలో ట్యునీషియాకో టర్కీకో వెళ్ళి తిరిగొచ్చేదైతే, రెండోసారి లోపలికి రానిచ్చే వీసా కావాలి. ఒక్కసారి ప్రవేశానికే ముద్ర వేయించుకున్నవాళ్ళ గతి, అత్తవారింటినుంచి అలిగి వచ్చి మళ్ళీ వెళ్ళలేని కోడలి గతే. ముప్ఫైవేల యూరోల వైద్య బీమా ఉంటేగాని అసలు ఆ వీసానే ఇవ్వరు. "నా ఆరోగ్యానికి అంత ఖరీదా!" అని మావారితో అంటే, "ఇక్కడ మాకు ఉచితంగా దొరుకుతున్నావని నీకే తెలీడం లేదు" అన్నారు. పొగడ్తో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మందులు చేతిసంచీలోనే పెట్టుకోవాలి, డాక్టరు చీటీతో సహా. పెద్ద పెట్టెలు రేవులోనే తీసేసుకుంటారు. అవి మన గదికి చేరేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది. బీపీ మాత్ర పెట్టెలో ఉండిపోతే అప్పటిదాకా దిక్కులు చూడాల్సిందే. కడుపులో తిప్పుతుందని నేను ఎవోమిన్ మాత్రలతోపాటు అల్లం మురబ్బా కూడా పట్టుకెళ్ళాను. దుకాణంలో కొన్నది, సీలు విప్పనిది. ఇంట్లో చేసినవి రానివ్వరు. నా ఆవకాయ సీసా గుమ్మం దాటకుండానే ఆగిపోయింది.

కాని ఒక దొంగతనం చేశాను. చీరల మధ్య చిన్న ఇస్త్రీపెట్టె దాచాను. జరీచీర మడతలు పోతే కట్టుకోవడం ఎలాగ మరి? పొయ్యిలాంటివి, నీళ్ళు కాచే కెటిలు, ఇస్త్రీపెట్టె, పొడుగు వైరున్న ప్లగ్గుల పలక - వేడెక్కే వస్తువేదీ తేవద్దని చిట్టాలో స్పష్టంగా ఉంది. "ఒక్క ఇస్త్రీపెట్టెతో ఓడ మునిగిపోతుందా?" అనుకున్నాను. పెట్టెల్ని యంత్రంలోంచి చూసే అమ్మాయి దాన్ని బయటికి తీసి, రసీదు రాసిచ్చి, దిగేరోజు తీసుకోమంది. చిన్నబుచ్చుకున్న నా మొహం చూసి మా చెల్లి అంది: "అక్కా, ఇంట్లో నిప్పంటుకుంటే ఫైరింజను వస్తుంది. సముద్రం మధ్యలో ఎవరొస్తారు?"

అప్పుడు సిగ్గేసింది. నాలుగు వేలమంది ఉన్న ఓడలో నాలుగు వేలమందీ 'నాదొక్కటేగా' అనుకుంటే ఏమవుతుంది? నియమం మీద మనకొచ్చే కోపమంతా, అది మన ఒక్కరికోసం రాసినట్టు అనుకోవడం వల్లనే వస్తుందేమో!

ఓడ కదలకముందే ఇంకొక తతంగం ఉంది. ఆపద వస్తే ఎక్కడ చేరాలో, ప్రాణరక్షక జాకెట్టు ఎలా తొడుక్కోవాలో నేర్పుతారు. ఏడు పొట్టి కూతలు, ఆ వెంటనే ఒక పొడుగు కూత వినిపిస్తే పరుగు తియ్యకుండా మనకి చెప్పిన చోటికి చేరుకోవాలి. అందరూ వచ్చినట్టు నమోదయ్యేదాకా వదలరు. పక్కన ఒకాయన విసుక్కుంటున్నాడు, స్నానాల కొలను దగ్గర చోటు పోతోందని. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. 1912లో టైటానిక్ మునిగాక, సముద్రం మీద ప్రాణాల రక్షణ కోసం కొన్ని దేశాలు కూర్చుని 1914లో ఒక ఒప్పందం రాసుకున్నాయి. అదే మారుతూ పెరుగుతూ ఇవాళ్టికీ నడుస్తోంది. 2012 జనవరి 13న కోస్టా కాంకార్డియా అనే ఓడ ఇటలీలో జిల్యో దీవి దగ్గర రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది. ముప్ఫై ఇద్దరు చనిపోయారు. రోముకి రేవైన చివిటావెక్కియాలో ఆ రోజే ఎక్కిన వందలమందికి ఈ తర్ఫీదు ఇంకా జరగనేలేదు. అప్పటి నియమం ప్రకారం ఇరవైనాలుగ్గంటల లోపల జరిపితే చాలు. ఆ తర్వాతే, ఓడ బయల్దేరకముందే గాని, బయల్దేరిన వెంటనే గాని జరిపి తీరాలని మార్చారు. 2015 నుంచి అదే అమలు.

అంటే నాకు విసుగనిపించే ప్రతి నియమం వెనకా ఎవరో కొందరి కన్నీళ్ళున్నాయన్నమాట. మన పెద్దవాళ్ళు "దీపాలవేళ ఊడవకు, రాత్రిపూట సూదిలో దారం ఎక్కించకు" అనేవాళ్ళు. కారణం చెప్పేవాళ్ళు కాదు. చీకట్లో కిందపడ్డ ముక్కుపుడక చెత్తతోపాటు పోయిన ఇల్లాలెవరో ఉండే ఉంటుంది!

ఇక అన్నిటికన్నా గట్టి నియమం చివరికి చెబుతున్నాను. ప్రతి రేవులోనూ దిగేముందు గుమ్మం దగ్గర బోర్డు పెడతారు: ఫలానా గంటకల్లా అందరూ ఓడలో ఉండాలి. మన చేతిగడియారం ఏమన్నా సరే, ఓడ గడియారమే ప్రమాణం. ప్రతివాళ్ళకీ ఒక కార్డు ఇస్తారు. గది తలుపు తియ్యాలన్నా, కాఫీ కొనుక్కోవాలన్నా, దిగాలన్నా, ఎక్కాలన్నా అదే. కనక లోపలికి ఎవరు రాలేదో ఓడకి పేర్లతో సహా తెలుసు. తెలిసీ ఆగదు!

మూడోరోజో నాలుగోరోజో, చివిటావెక్కియాలో ఆగాం. అక్కణ్ణించి రోము డెబ్బై ఎనభై కిలోమీటర్లు ఉంటుంది. రైల్లో వెళ్ళి కలోసియం చూసి, సెయింట్ పీటర్సు చర్చి ముందు ఎండలో నిలబడి ఫోటోలు తీయించుకున్నాం. ఇంకో గంట ఉందామని నేనంటే చెల్లి ఒప్పుకోలేదు. గడువుకి రెండు గంటల ముందే నన్ను ఈడ్చుకొచ్చి ఓడలో పడేసింది. "ఏమిటే ఈ హడావిడి?" అంటే, "ఆలస్యం సంగతి నీకు తెలీదక్కా" అంది, నా వంక చూడకుండా.

సాయంత్రం టీ తాగుతూ పై అంతస్తులో కటకటాల దగ్గర నిలబడ్డాం. రెండు పేర్లు మైకులో పిలుస్తున్నారు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు... కాసేపటికి తాళ్ళు విప్పారు. మెట్లవంతెన లోపలికి లాగేశారు. ఓడకీ గట్టుకీ మధ్య గజం వెడల్పున నీళ్ళు కనిపించాయి. సరిగ్గా అప్పుడు దూరంగా ఒకామె, ఒకాయన పరుగెత్తుకుంటూ వస్తున్నారు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుంది. ఆయన చేతుల్లో రెండు పెద్ద సంచులు. మా చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు, ఫోన్లెత్తి వీడియోలు తీశారు. ఆ చప్పట్ల మధ్య నేను కూడా నవ్వాను. అబద్ధమెందుకు చెప్పాలి, నవ్వాను.

గజం నీళ్ళు పది గజాలయ్యాయి. ఆమె పరుగు ఆపేసి, ఓడతాళ్ళు కట్టే ఇనప దిమ్మ మీద కూలబడిపోయింది. అప్పుడు పక్కకి చూస్తే మా చెల్లి లేదు.

గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఎత్తని మాట మా మధ్యకొచ్చి కూర్చుంది.

2018లో, చలికాలంలో, మా అమ్మ తెనాలిలో పోయింది. చెల్లి కబురు తెలిసిన వెంటనే డల్లాస్‌లో బయల్దేరింది. ఐసుపెట్టె తెప్పించి ఒకటిన్నర రోజు ఆగాం. తీరా దానికి ఢిల్లీలో పొగమంచు అడ్డొచ్చి, హైదరాబాదు విమానం తప్పిపోయింది. తర్వాతి విమానంలో వచ్చి, కారెక్కి తెనాలి చేరేసరికి ఏ రాత్రవుతుందో తెలీదు. మర్నాడు తిథి మంచిది కాదన్నారు. దూరాన్నించి వచ్చినవాళ్ళు వెళ్ళిపోవాలన్నారు. పొద్దు వాలకముందే కానివ్వాలన్నారు. తమ్ముడు తలొంచుకుని నిలబడ్డాడు. పెదనాన్న నన్నడిగాడు: "పెద్దదానివి. నువ్వు చెప్పమ్మా, ఆగుదామా, కానిద్దామా?"

"కానివ్వండి, పెదనాన్నా" అన్నాను.

ఆ రోజు ఓడని కదిలించింది నేను.

రాత్రి పదకొండింటికి చెల్లి వచ్చింది. అప్పటికి వాకిలి కడిగేశాం. అది ఏడవలేదు. "అక్కా" అని కూడా అనలేదు. లోపలికెళ్ళి దీపం ముందు కూర్చుంది. ఇన్నేళ్ళూ మేం పిల్లల చదువుల గురించి, చీరల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి గంటలు గంటలు మాట్లాడుకున్నాం. ఆ రాత్రి గురించి మాత్రం ఒక్క మాట లేదు.

ఓడవాళ్ళని తిట్టబోయాను గాని, నాకు హక్కు లేదనిపించింది. తీరిగ్గా ఆలోచిస్తే ఓడ తప్పు కూడా కనబడదు. రేవులో దాని చోటు గంటల లెక్కన కట్టుకున్నది. బయటికి నడిపించే పైలట్ ఫలానా వేళకని వచ్చి ఉంటాడు. ఇక్కడ గంట ఆగితే రేపటి రేవులో గంట ఆలస్యం, లేదా ఆ గంట పూడ్చడానికి వేగంగా నడిపి బోలెడు ఇంధనం తగలెయ్యడం. ఇద్దరి కోసం నాలుగు వేలమంది నష్టపోవాలి.

మన దగ్గర జరిగేదేమిటి? పెద్దమనిషి రాలేదని సభ ఆపుతాం. అయిదింటికే వచ్చిన ముసలమ్మలు ఏడింటిదాకా కూర్చుంటారు. పెద్దింటివాళ్ళు చెయ్యెత్తితే ఆగిన బస్సు, గంప నెత్తినెట్టుకుని పరుగెత్తే కూలిమనిషికి ఆగుతుందా? మనం చూపించే దయ ఖర్చంతా వేళకి వచ్చినవాళ్ళ దగ్గర్నించే వసూలవుతుంది. పైగా ఆ దయ బలమున్నవాళ్ళకే దక్కుతుంది. అలా చూస్తే, ఎవరికీ ఆగని ఓడే బలహీనులకి నేస్తం.

ఆ ఓడ కూడా ఒక్కళ్ళకి మాత్రం ఆగుతుంది. ఓడవాళ్ళే డబ్బు కట్టించుకుని ఊరు చూపించడానికి తీసుకెళ్ళిన బస్సు ఆలస్యమైతే దానికోసం ఆగుతుంది, లేదా వాళ్ళని తర్వాతి రేవుకి చేర్చే పూచీ తనదే. మొదట నాకిది వ్యాపారమనిపించింది. నిజమే, వ్యాపారమే. కాని అందులోనూ ఒక న్యాయం లేకపోలేదు. నువ్వు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినవాణ్ణి నువ్వే వెనక్కి తేవాలి.

ఇంతదాకా వచ్చాక కూడా మనసు కుదుటపడలేదు. ఓడదే న్యాయమైతే, నాదీ న్యాయమే కదా! మరి చెల్లి మొహం చూడలేకపోతున్నానెందుకు?

మా గది సర్దే కుర్రాడు గోవావాడు. హిందీలో కబుర్లు చెప్పేవాడు. ఎనిమిది నెలల ఒప్పందం మీద వచ్చాడట. ఇంటిదగ్గర నాలుగు నెలల పాపని ఫోనులోనే చూస్తున్నాడట. పక్క గుడ్డలు మార్చడానికి వచ్చినప్పుడు అడిగాను, "ఆ ఇద్దరి గతేమిటి బాబూ?" అని.

"పర్వాలేదమ్మా. పాస్‌పోర్టులు గట్టు మీద ఇచ్చే వచ్చాం" అన్నాడు.

విషయమేమిటంటే, గడువు దగ్గరపడ్డా రాకపోతే, పేర్లు పిలిచాక ఓడ అధికారులు ఆ గది తెరుస్తారు. ఇనప్పెట్టెలో పాస్‌పోర్టులు వెతికి తీస్తారు. వంతెన లాగెయ్యకముందే వాటిని రేవులో ఉండే ఓడ ఏజంటు చేతికిచ్చి కదులుతారు. అవుంటే వాళ్ళు సొంత ఖర్చుతో రైలో విమానమో ఎక్కి తర్వాతి రేవులో ఓడని అందుకోవచ్చు, లేదా ఇంటికి పోవచ్చు. అందుకే దిగేటప్పుడు పాస్‌పోర్టు నకలు, ఏజంటు ఫోన్ నెంబరు దగ్గరుంచుకోమని చెబుతారు.

ఓడ ఆగదు. కాని ఊరికే వెళ్ళిపోదు. మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తుంది. వెనకబడ్డవాళ్ళు దారి వెతుక్కోవడానికి కావలసింది గట్టు మీద పెట్టి మరీ వెళుతుంది!

కుర్రాడు వెళ్ళాక చెల్లి మొదటిసారి నోరు విప్పింది.

"మీరు ఆగలేదని నాకెప్పుడూ కోపం లేదక్కా. నేనే నీ చోట ఉంటే అదే చేసేదాన్నేమో. కాని ఒక్కళ్ళూ ఫోన్ చేసి చెప్పలేదు. ఢిల్లీలో ఆరు గంటలు ఆ కుర్చీలో కూర్చుని, అమ్మని చూడగానే ఏమని ఏడవాలో అనుకుంటూనే ఉన్నాను. అప్పటికి అన్నీ అయిపోయాయి. ఇంటికొచ్చేసరికి అమ్మ మంచం లేదు. పక్కబట్టలు తడిసి తీగమీద ఉన్నాయి. వాసన చూసుకుందామంటే ఒక్క చీర లేదు."

నేనెందుకు ఫోన్ చెయ్యలేదు? ప్రయాణంలో ఒక్కతే ఏడుస్తుందని. ఆ సమాధానంతో ఇన్నేళ్ళూ నన్ను నేను సమర్థించుకున్నాను. నిజం అది కాదు. అది అరుస్తుందని, 'ఆగండి' అంటుందని, మళ్ళీ నిర్ణయం మార్చుకోవలసి వస్తుందని భయపడ్డాను. నా పిరికితనానికి దయ అని పేరు పెట్టుకున్నాను.

"తప్పేనే" అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. కారణాలన్నీ ఉన్నాయి, కాని చెప్పలేదు. అది నా భుజం మీద తల పెట్టుకుంది. బయట చీకట్లో ఓడ తన దారిన తాను పోతూనే ఉంది.

ఈ వయసులో నాకు అర్థమైనది ఇంతే. జీవితంలో ఆగలేని సందర్భాలు వస్తాయి. పిల్లలు దూరదేశాలు వెళతారు, కూతురికి ఇంకో ఊళ్ళో కాపురం, కోడలికి ఉద్యోగం. ఎవరో ఒకరం కదులుతాం, ఎవరో ఒకరం గట్టు మీద మిగులుతాం. 'ఆగావా లేదా' అన్నదొక్కటే ప్రశ్న కాదు. కదిలేముందు పిలిచావా? నిజం చెప్పావా? వెనక మిగిలినవాళ్ళ చేతిలో ఏం పెట్టి వెళ్ళావు? వీటికి సమాధానం లేనప్పుడు ఎంత న్యాయమైన నిర్ణయమైనా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఇంటికొచ్చాక రెండు పనులు చేశాను. రాత్రి భోజనానికి అందరికోసం పదింటిదాకా పస్తుండడం మానేశాను. ఎనిమిదిన్నరకి నేను తినేస్తాను. ముందే ఆ మాట అందరికీ చెప్పాను. రానివాళ్ళ కంచంలో వడ్డించి మూతపెట్టి ఉంచుతాను. మావారు మొదటి వారం మొహం ముడుచుకున్నారు. ఇప్పుడు మూత తీసి చూసి, "పాస్‌పోర్టు ఉందా?" అని అడుగుతున్నారు.

రెండోది, నా బీరువాలో పై అరలో అమ్మ కళ్ళజోడు ఉంది. ఒక డొప్ప విరిగితే తనే దారం చుట్టి వాడుకునేది. ఇన్నాళ్ళూ పెద్దకూతురి హక్కుగా నేనే దాచుకున్నాను. ఎదురింటివాళ్ళ అబ్బాయి డల్లాస్ వెళుతుంటే దూదిలో చుట్టి, పెట్టెలో పెట్టి పంపించాను. ఆలస్యమే. అయినా పంపించాను.

మీరెవరైనా ఓడెక్కే పనుంటే మాత్రం నా మాట వినండి. ఇస్త్రీపెట్టె ఇంట్లో వదిలెయ్యండి. మందులు చేతిసంచీలో పెట్టుకోండి. దిగేముందు రాత్రి పెట్టెలన్నీ గది బయట పెట్టేటప్పుడు, మర్నాడు కట్టుకోవడానికి ఒక చీర లోపలే ఉంచుకోండి. ఆ తొందరలో అన్నీ సర్దేసి రాత్రి చీరతోనే దిగినవాళ్ళలో నేనూ ఒకదాన్ని! గడువుకి రెండు గంటల ముందే తిరిగి రండి. గట్టు మీద ఎవరైనా పరుగెత్తుకుంటూ కనిపిస్తే, పక్కవాళ్ళు ఎంత నవ్వినా, మీరు మాత్రం నవ్వకండి.